మట్టిని వదిలి వెళ్ళే నీళ్ళు



చేత్తో చేసిన మట్టి కప్పు ఒకటి మీ ఇంట్లో ఉంటే, టీ తాగి కడిగాక దాన్నోసారి బోర్లించి అడుగు చూడండి. పైనంతా గాజు పూతతో నిగనిగలాడే కప్పుకి, అడుగున మాత్రం సన్నటి గుండ్రటి అంచు ఒకటి పూత లేకుండా గరుకుగా ఉంటుంది. దాన్ని పాదం అందాం. కప్పు కొనేటప్పుడు నేను ముందుగా చూసేది ఆ పాదాన్నే. రంగు ఎవరినైనా బుట్టలో వేసుకుంటుంది. పాదం దగ్గర మాత్రం పనివాడి చెయ్యి ఎంత నిలకడైనదో, ఎంత ఓపిక పట్టాడో దాచినా దాగదు.

ఆ ఓపిక దేనికోసమో చెప్పాలనే ఈ ప్రసంగం. కుమ్మరి పని అంటే మట్టి పని అనుకుంటాం, నిప్పు పని అనుకుంటాం. దగ్గర కూర్చుని చూస్తే అది సగానికి పైగా నీళ్ళ పని. మట్టిలోకి నీళ్ళు పంపడం ఎవరికైనా చేతనవుతుంది. పంపిన నీళ్ళని, మట్టికి నొప్పి తగలకుండా, మళ్ళీ బయటికి సాగనంపడంలోనే ఉంది అసలు విద్య. సారె మీద కప్పు లేవడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ కప్పులోంచి నీళ్ళన్నీ వెళ్ళిపోవడానికి రోజులు పడతాయి, వానాకాలమైతే వారాలు పడతాయి. తొందరపడితే కప్పు వంకరపోతుంది, లేదా పగులుతుంది, లేదా మంటలో పేలిపోతుంది.

మన ఇళ్ళకి మట్టి పాత్రలు రెండు రకాలుగా తెలుసు. ఒకటి కుండ, రెండోది జాడీ. కుండ మామూలుగా 700 నుంచి 900 డిగ్రీల వేడిలో కాలుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుందిగానీ, రేణువుల మధ్య సందులు అలాగే ఉండిపోతాయి. ఆ సందుల్లోంచి నీళ్ళు పైకి ఊరి, గాలికి ఆవిరై, లోపలి నీళ్ళ వేడిని లాక్కుపోతాయి. ఎండాకాలం కుండలో నీళ్ళు చల్లగా ఉండడానికి కారణం ఆ చెమటే. జాడీ సంగతి వేరు. ఆవకాయ పెట్టి, జాడీకి వాసెన కట్టి అటక మీద పెడితే ఏడాది గడిచినా నూనె బయటికి ఊరదు, ఉప్పూ పులుపూ దాన్ని తినెయ్యవు. జాడీ కాలింది 1,200 డిగ్రీల పైమాటు వేడిలో. ఆ వేడికి మట్టిలో కొంత భాగం కరిగి, గాజై, సందులన్నిటినీ పూడ్చేస్తుంది. అందుకే దాన్ని తడితే కంగుమంటుంది.

ఈమధ్య పట్నాల్లో చేత్తో చేసిన కప్పులు, గిన్నెలు అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం జాడీ జాతివే. స్టోన్‌వేర్ అంటారు. కుండ మట్టితో టీ కప్పు చేయకూడదా అంటే, చేయొచ్చు. ఉత్తరాదిలో కుల్హడ్‌లు అలాంటివే. 2004లో లాలూ ప్రసాద్ యాదవ్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు రైళ్ళలో కుల్హడ్‌లో టీ ఇమ్మని ఆదేశించారు కూడా. కాకపోతే కుల్హడ్ ఒక్కసారికే పనికొస్తుంది. తాగి పారేసినా నేలకి హాని లేదు, అదే దాని మంచి గుణం. రోజూ పొద్దునా సాయంత్రం తోముకుని వాడుకుందామంటే, పాలూ పంచదారా సందుల్లోకి దిగి, నాలుగు రోజులకే వాసన పట్టేస్తుంది. ఇంట్లో పదేళ్ళపాటు మనతో ఉండాల్సిన కప్పుకి జాడీ మట్టీ, జాడీ మంటా కావాలి.

అయితే మన ఊరి చెరువు మట్టిని తెచ్చి జాడీ మంటలో పెడితేనో? నిలవదు. చెరువు అడుగున పేరుకునే బంకమన్నులో ఇనుము ఎక్కువ, తొందరగా కరిగించే లవణాలూ ఎక్కువే. వెయ్యి డిగ్రీలు దాటి పైకి పోతున్నకొద్దీ అది ఉబ్బుతుంది, బుడగలు కడుతుంది, చివరికి కూలబడిపోతుంది. అందుకని స్టోన్‌వేర్ చేసేవాళ్ళు నాలుగైదు రకాలు కలుపుతారు. చైనా క్లే అనే తెల్లమట్టి వేడికి తట్టుకుంటుంది, కానీ సాగదు. బాల్ క్లే జిగట ఇస్తుంది. పలుగురాయి పొడి ఎముకలా నిలబెడుతుంది. ఫెల్‌స్పార్ అనే రాయి పొడి వేడికి కరిగి అన్నిటినీ అతుకుతుంది. ఇవేవీ మనకి దూరం సరుకులు కావు. ద్వారకా తిరుమల చుట్టుపక్కల బాల్ క్లే గనులున్నాయి. అభ్రకానికి పేరుపడ్డ గూడూరు ప్రాంతపు నేలలోనే పలుగురాయి, ఫెల్‌స్పార్ దొరుకుతాయి. మన కాళ్ళ కింద ఇంత సరుకు పెట్టుకుని, కప్పులకోసం ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా వైపు చూస్తున్నామే అని నాకు ఎప్పుడూ బాధే.

కలిపిన మట్టిని నానబెట్టాలి, జల్లెడ పట్టాలి, మాగబెట్టాలి. ఎన్నాళ్ళు మాగితే అంత మంచిది. ఎందుకంటే మట్టి రేణువు అనేది గుండ్రటి గింజ కాదు, పలచటి పలక. మిల్లీమీటరులో అయిదువందల వంతు కూడా ఉండదు దాని వెడల్పు. ప్రతి పలక చుట్టూ నీటి పొర చేరాలి. రెండు గాజు పలకల మధ్య కాస్త తడి ఉంటే అవి విడివడవు, కానీ ఒకదాని మీద ఒకటి ఎటు తోస్తే అటు జారతాయి. మట్టిలో జరిగేదీ అంతే. తెగకుండా సాగడం, సాగిన చోటే నిలబడడం అనే ఈ రెండు గుణాలూ ఆ నీటి పొర పెట్టిన భిక్షే.

మాగిన మట్టిని పల్లెల్లో కాళ్ళతో తొక్కుతారు, స్టూడియోల్లో బల్ల మీద చేతులతో పిసుకుతారు. రెండింటి లక్ష్యం ఒకటే. ముద్దలో గాలి బుడగ మిగలకూడదు, ఒకచోట గట్టిగా ఒకచోట మెత్తగా ఉండకూడదు. ముద్దను తీగతో రెండుగా కోసి చూస్తే కోత నున్నగా, ఒకే రంగులో కనబడాలి. చాలా కుమ్మరి కుటుంబాల్లో సారె మీద మగవాళ్ళు కూర్చోవడం ఆనవాయితీ. మట్టి జల్లించి, తొక్కి, పదును చేసి ఇచ్చేది, ఆరిన పాత్రలకి ఎర్రమట్టి పూత పూసేది ఎక్కువగా ఆడవాళ్ళు. పేరు మాత్రం సారె మీది చెయ్యికే వచ్చింది. మట్టి సరిగా తయారుకాకపోతే ఎంత గొప్ప చేతికైనా కప్పు లేవదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది.

ఇప్పుడు సారె దగ్గరికి వెళ్దాం.

పల్లెలో సారె నేలకి జానెడు ఎత్తున ఉంటుంది. బరువైన చక్రం. అంచు దగ్గరున్న గుంటలో కర్ర పెట్టి గిరగిరా తిప్పి వదిలేస్తే, తన బరువుతో తనే కాసేపు తిరుగుతుంది. వేగం తగ్గితే మళ్ళీ కర్ర. ఇప్పుడు కరెంటు సారెలొచ్చాయి, కాలి కింద మీట నొక్కితే ఎంత వేగం కావాలంటే అంత. కర్ర తిప్పే శ్రమ పోయింది, నడుముకి సుఖం వచ్చింది. ఇందులో నాకే అభ్యంతరమూ లేదు.

కప్పు కోసం తీసుకునే ముద్ద 400 గ్రాముల దాకా ఉంటుంది. దాన్ని సారె నడుమ బలంగా వేసి అతికిస్తారు. కళ్ళకి నడుమనే ఉన్నట్టు కనబడుతుంది గానీ, తిప్పగానే ముద్ద అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడు ఆగేదాకా తర్వాతి పని లేదు. మోచేతిని తొడకి గట్టిగా ఆనించి, అరచేతి మడమతో ముద్దను లోపలికి నెడుతూ, రెండో చేత్తో పైనుంచి అదుముతారు. ముద్దను స్తంభంలా పైకి లేపుతారు, మళ్ళీ కిందికి అణుస్తారు. నేర్చుకునేవాళ్ళు ఇక్కడ మట్టితో కుస్తీ పడతారు. అలవాటైన చెయ్యి కుస్తీ పట్టదు. కదలకుండా ఉంటుంది. తిరిగే మట్టి, కదలని చేతికి తగిలి తగిలి, తనే నడుమకి వచ్చి చేరుతుంది. ఒక దశలో ముద్ద తిరుగుతోందో ఆగి ఉందో తెలియనంత నిశ్చలంగా అయిపోతుంది. అప్పుడు బొటనవేళ్ళు దిగుతాయి.

రెండు బొటనవేళ్ళూ నడుమ ఆనించి కిందికి నొక్కితే గుంట పడుతుంది. అడుగున వేలి మందంలో సగమైనా మట్టి మిగలాలి, తర్వాత పాదం చెక్కాల్సింది అందులోంచే. గుంటను వెడల్పు చేశాక, చాలామంది తొందరలో వదిలేసే పని ఒకటుంది. అడుగు భాగాన్ని అంచునుంచి నడుమకి, నడుమనుంచి అంచుకి వేళ్ళతో రెండు మూడుసార్లు గట్టిగా అదమాలి. గోడల మట్టి ఎలాగూ చేతుల మధ్య నలిగి బిగుస్తుంది. అడుగు మట్టికి ఆ బిగువు రాదు. అదమకుండా వదిలేస్తే ఆరేటప్పుడు అడుగు ఎక్కువ ముడుచుకుని, నట్టనడుమ పాము మెలికలాంటి పగులు పడుతుంది. ఆ పగులు ఆరాక కనబడుతుంది, ఒక్కోసారి కాల్చాక గానీ కనబడదు. అప్పుడిక చేసేదేమీ ఉండదు.

తర్వాత గోడ లేపడం. లోపల ఒక వేలు, బయట ఒక వేలు. బయటి వేలు వెంట్రుకవాసి కిందుగా ఉండాలి. రెండు వేళ్ళ మధ్యా మట్టిని కొద్దిగా నొక్కి, సారె ఒక చుట్టు తిరిగేలోపు వేలు మందం పైకి జరుగుతూ అంచు దాకా పోవాలి. మూడుసార్లలో గోడ లేచి నిలబడాలి. నాలుగోసారి, అయిదోసారి అంటూ పోతే మట్టి నీళ్ళు తాగి నీరసిస్తుంది. చెయ్యి జారడానికి తడి కావాలి, ఆ తడే గోడల్లోకి ఇంకి వాటిని బలహీనం చేస్తుంది. అందుకే లోపల నిలిచిన నీళ్ళని స్పంజితో ఎప్పటికప్పుడు తీసేస్తారు. చివరగా అంచు. పెదవికి తగిలేది అదే. తడి తోలుముక్కని మడిచి అంచు మీద తేలికగా పట్టుకుంటే, అది గుండ్రంగా, నున్నగా తిరుగుతుంది. మరీ పలచనైతే ఊరికే పెచ్చులూడుతుంది, మరీ మందమైతే టీ పెదవి పక్కనుంచి కారుతుంది.

గిన్నె తీరు వేరు. కప్పు గోడలు నిటారుగా లేస్తాయి. సారె మాత్రం మట్టిని ఎప్పుడూ బయటికే విసురుతుంది. కాబట్టి కప్పు చేసేవాడు మట్టిని లోపలికి ఆపుతూ ఉండాలి. గిన్నెకి ఆ విసురే కావాలి, కానీ హద్దులో ఉండాలి. నోరు విచ్చుకుంటున్నకొద్దీ సారె వేగం తగ్గిస్తూ రావాలి, లేకపోతే అంచు ఉన్నట్టుండి జారి పళ్ళెమైపోతుంది. గిన్నెలో నేను చూసేది లోపలి వంపు. అడుగునుంచి అంచు దాకా ఎక్కడా మూల పడకూడదు. మనం చేత్తో తినేవాళ్ళం. గిన్నెలో కలుపుకున్న పెరుగన్నం ఆఖరి ముద్ద దాకా వేళ్ళకి అందాలి. నిలువు గోడలూ చదును అడుగూ ఉన్న గిన్నె, చూడడానికి ఎంత అందంగా ఉన్నా, మన తిండికి కుదరదు. ఇది నా అభిప్రాయం.

ఒక లెక్క కూడా చెప్పాలి. స్టోన్‌వేర్ మట్టి ఆరి, కాలి, పూర్తయ్యేసరికి సుమారు 12 శాతం ముడుచుకుంటుంది. సారె మీద 10 సెంటీమీటర్ల కప్పు బట్టీలోంచి 8.8 సెంటీమీటర్లుగా బయటికి వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కనక లోపలి చోటు దాదాపు మూడో వంతు పోతుంది. 250 మిల్లీలీటర్లు పట్టే కప్పు కావాలంటే సారె మీద 370 మిల్లీలీటర్ల దాకా పట్టే కప్పు లేపాలి. ఆరు కప్పుల సెట్టు చేసేవాళ్ళు ఇంకా తడిగా ఉన్న పెద్ద కప్పుల్ని చూస్తూ, రేపటి చిన్న కప్పుల్ని మనసులో కొలుచుకుంటూ ఉంటారు.

దారంతో కోసి, సారె మీదనుంచి దించి, చెక్క మీద పెట్టాక అసలు ఓపిక మొదలవుతుంది.

ఆరడంలో రెండు దశలున్నాయి. మొదట మట్టి పలకల మధ్యనున్న నీటి పొరలు పోతాయి. పోతున్నకొద్దీ పలకలు దగ్గరకి జరుగుతాయి, పాత్ర ముడుచుకుంటుంది. ప్రమాదమంతా ఈ దశలోనే. అంచు పలచన, గాలి ఎక్కువ తగులుతుంది, ముందు ఆరుతుంది. అడుగు మందం, చెక్కకి ఆని ఉంటుంది, వెనక ఆరుతుంది. ముందు ముడుచుకునేదీ వెనక ముడుచుకునేదీ ఒకదాన్నొకటి లాక్కుంటే పగులు. అందుకే అంచు నిలదొక్కుకోగానే కప్పుల్ని బోర్లిస్తారు, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం కప్పుతారు. కిటికీలోంచి ఒక్క వైపునుంచే గాలి వీస్తే చాలు, గిన్నె నోరు కోలగా మారిపోతుంది. రాయలసీమ ఎండల్లో తడిగుడ్డలు కప్పి ఆరుడుని ఆపాల్సి వస్తుంది. కోస్తాలో ముసురు పట్టినప్పుడు అదే కప్పు వారమైనా చల్లగానే ఉంటుంది. పలకలు ఒకదానికొకటి ఆనిన తర్వాత రెండో దశ. అప్పుడు సందుల్లో మిగిలిన నీళ్ళు పోతాయి, పాత్ర ఇక పెద్దగా ముడుచుకోదు, రంగు తేలుతుంది.

ఈ రెంటి మధ్యా ఒక అదను ఉంది. వేలితో నొక్కితే సొట్ట పడదు, గోటితో గీస్తే శుభ్రంగా గీత పడుతుంది. తోలంత పదును. పాదం చెక్కాల్సింది, పిడి అతకాల్సింది ఆ పూటే. కప్పుని బోర్లించి సారె నడుమ కుదిర్చి, వంచిన ఇనప పట్టీతో అడుగు చెక్కుతుంటే మట్టి రిబ్బన్లుగా లేస్తుంది. పొడిగా రాలితే అదను దాటిపోయిందని, జిడ్డుగా అంటుకుంటే ఇంకా రాలేదని. ఎంత చెక్కాలో కంటికి కనబడదు. వేలితో అడుగుమీద కొట్టి వింటారు. మందంగా ఉంటే మొద్దు శబ్దం, పలచబడుతున్నకొద్దీ శబ్దం తేలిక అవుతుంది. అక్కడ ఆపాలి.

పిడికి వేరే మట్టి ముద్ద తీసుకుని, తడి చేత్తో కిందికి లాగుతూ లాగుతూ పట్టీలా సాగదీస్తారు. దాన్ని కాసేపు ఆరనిచ్చి, అతికేచోట రెండువైపులా గీతలు గీసి, చిక్కటి మట్టి జావ రాసి అదుముతారు. కప్పు పదునూ పిడి పదునూ ఒకటిగా ఉంటేనే అతుకు నిలుస్తుంది. తడి పిడిని ఆరిన కప్పుకి అతికితే, పిడి ముడుచుకుంటూ ముడుచుకుంటూ అతుకు దగ్గర విడిపోతుంది. జావ పూసి ఎంత నొక్కినా లాభం లేదు.

పూర్తిగా ఆరిందా లేదా అని ఎలా తెలుస్తుంది? కప్పుని చెంపకి ఆనించి చూస్తారు. చల్లగా తగిలితే లోపల ఇంకా నీళ్ళున్నట్టే. ఇన్ని పరికరాలొచ్చినా ఈ పరీక్షకి చెంపను మించింది లేదు. ఎందుకింత జాగ్రత్త అంటే, నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. గోడలో చిక్కుకున్న తడి ఒక్కసారిగా ఆవిరైతే కప్పు పేలుతుంది, పక్క కప్పుల్ని కూడా తీసుకుపోతుంది.

ఇలా ఆరిన దాన్ని పచ్చి కుండ అంటాం. దాన్ని నీళ్ళలో వేస్తే కాసేపట్లో కరిగి మళ్ళీ ముద్ద అయిపోతుంది. పాడైనవాటిని అలాగే నానబెట్టి మళ్ళీ వాడతారు. వెనక్కి రావడానికి అప్పటిదాకా దారి ఉంది. మంట ఆ దారిని మూసేస్తుంది. మట్టి పలకల్లో, కంటికీ చెంపకీ తెలియని నీరు మరొకటి ఉంది, పలకల నిర్మాణంలోనే భాగంగా. స్వచ్ఛమైన తెల్లమట్టి బరువులో అది 14 శాతం. ఏ ఎండకీ పోదు. 450, 600 డిగ్రీల మధ్య అది విడివడి బయటికి వెళ్ళిపోతుంది. వెళ్ళాక ఆ మట్టిని ఎన్నేళ్ళు నీళ్ళలో నానబెట్టినా మళ్ళీ ముద్ద కాదు. వేల ఏళ్ళనాటి కుండపెంకులు నేలలో చెక్కుచెదరకుండా దొరకడానికి కారణం ఇదే. మన రాకాసిగూళ్ళ, అంటే పెద్ద బండరాళ్ళతో కట్టిన ప్రాచీన సమాధుల, తవ్వకాల్లో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న గిన్నెలు దొరుకుతాయి. గిన్నెని బోర్లించి కాల్చడంతో లోపలికి గాలి అందక నల్లబడిందని, బయట గాలి తగిలిన చోట మట్టిలోని ఇనుము ఎర్రబడిందని పురావస్తు శాస్త్రజ్ఞులు వివరిస్తారు. గాలి ఇచ్చి ఎరుపు, గాలి ఆపి నలుపు. మన కుమ్మరులు ఎర్రకుండకీ నల్లకుండకీ ఇప్పటికీ పాటించే సూత్రం ఇదే.

పల్లెలో ఆవం పేర్చడం చూసి తీరాలి. కట్టెలు, పిడకలు, వరిగడ్డి, వాటి నడుమ కుండలు, పైన గడ్డి కప్పి మట్టి మెత్తుతారు. మంట మొదట్లో సన్నగా, పొగగా ఉంటుంది. కుండలు మసిబారి నల్లగా అయిపోతాయి. వేడి 700 డిగ్రీలకి దగ్గరపడేసరికి ఆ మసి కూడా కాలిపోయి కుండ ఎర్రగా తేలుతుంది. సందులోంచి చూసి ఆ రంగును బట్టే వేడి చెబుతారు పెద్దవాళ్ళు.

స్టోన్‌వేర్ కప్పుని రెండుసార్లు కాలుస్తారు. మొదటిది 950, 1,000 డిగ్రీల మధ్య. అప్పటికి కప్పు గట్టిపడుతుంది, కానీ సందులుంటాయి. ఆ సందులు కావాలని ఉంచినవే. పలుగురాయి, ఫెల్‌స్పార్, సున్నపురాయి, కొద్దిగా తెల్లమట్టి కలిపి మెత్తగా నూరి నీళ్ళలో కలిపితే గ్లేజు. కప్పుని అందులో రెండు మూడు సెకన్లు ముంచి తీస్తారు. పొడి కప్పు నీళ్ళని పీల్చేసుకుంటుంది, రాతిపొడి మాత్రం పైన పొరగా అంటుకుంటుంది. ఇన్నాళ్ళు కష్టపడి నీళ్ళు పోగొట్టి, మళ్ళీ ఇప్పుడు తాగిస్తారన్నమాట. పాదానికి ముందే మైనం పూసి ఉంచుతారు, గ్లేజు అక్కడ అంటకుండా. అంటితే కరిగి కప్పుని బట్టీ పలకకి శాశ్వతంగా అతికేస్తుంది. మొదట్లో చెప్పిన గరుకు అంచుకి కారణం ఇంతే.

రెండో కాల్పు 1,220 నుంచి 1,280 డిగ్రీల దాకా. పలుగురాయి ఒక్కటే కరగాలంటే 1,700 డిగ్రీలు కావాలి. సున్నం, ఫెల్‌స్పార్ తోడైతే 1,200లకే కరిగి గాజవుతుంది. రంగులిచ్చేవి లోహాలు. ఇనుము నూటికి ఒకటి రెండు పాళ్ళు ఉండి, బట్టీకి గాలి తగ్గిస్తే లేత ఆకుపచ్చ. అదే ఇనుము ఎనిమిది పది పాళ్ళైతే నలుపు, గోధుమ. రాగి గాలిలో కాలితే పచ్చ, గాలి తక్కువైతే ఎరుపు. ఇక వేడిని కొలవడానికి బట్టీ రంధ్రం ఎదురుగా వేలెడంత శంకువుల్ని నిలబెడతారు. ఫలానా వేడికి వంగేట్టు కొలిచి కలిపిన మట్టితో చేసినవి. 1886లో బెర్లిన్‌లో హెర్మన్ సెగర్ తయారుచేశాడు వీటిని. మీటరు వేడిని మాత్రమే చెబుతుంది. ఆ వేడిలో మట్టి ఎంతసేపు ఉందో, లోపల ఎంత పని జరిగిందో కూడా కలిపి శంకువు చెబుతుంది. వేడి కొలిచే మీటర్లు ఉన్నా మంచి పనివాళ్ళు శంకువు పెట్టకుండా బట్టీ మూయరు.

బట్టీ ఆర్పాక, చల్లారడానికి కాల్చినంత సేపూ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి స్ఫటికం ఉన్నట్టుండి చిన్నదవుతుంది. ఆ దాపుల్లో బట్టీ తలుపు తీసి చల్లగాలి తగలనిస్తే కప్పు నిలువునా చీలుతుంది. వంద డిగ్రీల లోపుకి వచ్చేదాకా చెయ్యి ఆపుకోవాలి.

ఇంత విద్య మన కుమ్మరులకి అందకుండా ఉండిపోవడమే నా బాధ. స్టీలు, ప్లాస్టిక్ వచ్చి కుండల గిరాకీ పడిపోయాక, ఎన్నో ఇళ్ళలో సారె గోడకి చేరబడింది. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో కుమ్హార్ సశక్తీకరణ్ పథకం మొదలుపెట్టి కరెంటు సారెలు ఇస్తోంది, మంచి పని. కానీ మన కుమ్మరికి సారె మీద లోటెప్పుడూ లేదు. దీపావళికి ప్రమిదలు చేసేటప్పుడు చూడండి, పెద్ద ముద్ద ఒకటి వేసి, దాని కొసనుంచి ఒకదాని వెనక ఒకటి కళ్ళు మూసి తెరిచేలోపు దించేస్తారు. పట్నంలో స్టూడియో పెట్టుకున్నవాళ్ళు ఏళ్ళు సాధన చేసినా ఆ వేగం రాదు. లోటల్లా వేడికి నిలిచే మట్టి దగ్గర, గ్లేజు దగ్గర, బట్టీ దగ్గర.

ఈ లోటు తీరిన దాఖలా ఒకటుంది. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఇద్దరు అమెరికన్లు పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు. సరుగుడు కట్టెతో బట్టీ కాల్చారు. స్థానికంగా పనిలో చేరినవాళ్ళు అక్కడ పని నేర్చుకుని తర్వాత సొంతంగా పనులు పెట్టుకున్నారు, దేశం నలుమూలలనుంచి వచ్చి నేర్చుకున్నవాళ్ళు తమ ఊళ్ళకి ఆ విద్య తీసుకెళ్ళారు. ఇవాళ పుదుచ్చేరి చుట్టుపక్కల స్టోన్‌వేర్ ఒక జీవనోపాధి. సరుగుడు మన కోస్తా పొడుగునా పెరుగుతోంది. గూడూరులో సిరామిక్ చదువు చెప్పే ప్రభుత్వ సంస్థ ఉంది. నాలుగైదు ఊళ్ళ కుమ్మరులకి ఉమ్మడిగా ఒక గ్యాసు బట్టీ, ఏడాదిపాటు గ్లేజు నేర్పే మనిషి దొరికితే, సారె ఎక్కిన చేతులు మనకి సిద్ధంగా ఉన్నాయి. ఒక్కో ఇంటికి సొంత బట్టీ అక్కర్లేదు. వరి మిల్లు ఊరందరికీ ఒకటి ఉన్నట్టే ఇదీ.

చివరగా కొనేవాళ్ళకి రెండు మాటలు. తక్కువ వేడిలో కాల్చిన మెరుపు పూతల్లో సీసం వాడే అలవాటు వెనకటినుంచీ ఉంది. చింతపండు పులుసు, నిమ్మరసం, పెరుగు వేస్తే అది తిండిలోకి దిగుతుంది. కాబట్టి గిన్నె తిండికి పనికొస్తుందా, ఎంత వేడిలో కాలిందని అడగండి. పని తెలిసినవాళ్ళు సంతోషంగా చెబుతారు. ఇంటికి తెచ్చాక నిమ్మచెక్క ఒకటి లోపల బోర్లించి రాత్రంతా ఉంచండి. పొద్దున ఆ చోట రంగు మారినా, మెరుపు తగ్గినా దాన్ని తిండికి వాడకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెలో సలసల కాగే చారు పోయకండి. కప్పు నిండా నీళ్ళు పోసి కాగితం మీద రాత్రంతా ఉంచి చూడండి. కాగితం మీద తడి వలయం పడితే లోపలి మట్టి పూర్తిగా గాజు కాలేదని అర్థం. దాన్ని కలాలు పెట్టుకోవడానికి ఉంచుకుని, చేసినవాళ్ళకి ఆ సంగతి చెప్పండి. తర్వాతి బట్టీకి వాళ్ళకి పనికొస్తుంది.